పాత క్యాసినో చిప్స్: కడగాలా, నూనె రాయాలా, అలాగే ఉంచాలా?

మూతపడిన క్యాసినోలో వాడిన పోకర్ చిప్స్, అంటే డబ్బుకి బదులు పందెం కాసే గుండ్రటి బిళ్ళలు, కొన్నవాళ్ళకి ముందు ఎదురయ్యేది మురికి. తెల్లగా ఉండాల్సిన డాలర్ చిప్ బూడిదరంగులో ఉంటుంది. అంచు మీది రంగు పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో పోల్చుకోలేం. వేలితో రాస్తే జిడ్డు తగులుతుంది. రాత్రీ పగలూ తేడా లేకుండా ఏళ్ళ తరబడి వేల చేతులు మారిన వస్తువు అది. చేతుల నూనె, సిగరెట్ పొగ, ఒలికిన బీరు, తిండి జిడ్డు అన్నీ కలిసి దాని మీద పొరలా పట్టేస్తాయి.

దీన్ని ఎలా పోగొట్టాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. సబ్బునీళ్ళు చాలని ఒకరు, అల్ట్రాసోనిక్ మెషీన్ లేకుండా కుదరదని ఇంకొకరు, మినరల్ ఆయిల్ పట్టిస్తే కొత్తవాటిలా అవుతాయని మరొకరు. కలెక్టర్లయితే అసలు ముట్టుకోవద్దంటారు. అందరూ చెప్పేది నిజమే, కాకపోతే తలా ఒక రకం చిప్ గురించి చెబుతున్నారు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మురికిని రేపైనా పోగొట్టుకోవచ్చు. వెలిసిపోయిన రంగు, చెరిగిన బంగారు అచ్చు, లేచిపోయిన ఇన్‌లే (చిప్ మధ్యలో ఉండే పేరు బిళ్ళ) మాత్రం తిరిగి రావు. కాబట్టి అన్నిటికన్నా మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, అది సరిపోకపోతేనే తర్వాతి దానికి వెళ్ళాలి. ఎంతదాకా వెళ్ళొచ్చో రెండు విషయాలు తేలుస్తాయి: చిప్ దేనితో తయారైంది, మీరు దానితో ఆడతారా లేక దాచుకుంటారా.

చేతిలో ఉన్నది ఏ రకం

అమెరికా క్యాసినోల్లో క్లే చిప్స్ అని పిలిచేవి కాల్చిన మట్టి బిళ్ళలు కావు. మట్టి, సుద్ద లాంటి ఖనిజాల పొడిని అంటుకునే పదార్థంతో కలిపి, అచ్చులో పెట్టి, వేడీ ఒత్తిడీ ఇచ్చి నొక్కి చేస్తారు. వీటిలో అందరూ వెతుక్కునేది పాల్‌సన్. 1963లో పాల్ ఎండీ మొదలుపెట్టిన లాస్ వేగస్ కంపెనీ అది. 2002లో ఫ్రాన్స్‌కి చెందిన బూర్గోన్ ఎ గ్రాసేతో కలిసింది. ఆ తర్వాత గేమింగ్ పార్ట్‌నర్స్ ఇంటర్నేషనల్ అని పేరు మారింది. 2019లో జపాన్‌కి చెందిన ఏంజెల్ సంస్థ చేతికి వెళ్ళింది. చిప్ అంచు దగ్గర గుండ్రంగా టోపీ, చేతికర్ర బొమ్మలు వరుసగా నొక్కి ఉంటే అది పాల్‌సన్ అచ్చు. మామూలు చిప్ వ్యాసం 39 మిల్లీమీటర్లు, బరువు 9 నుంచి 10 గ్రాములు.

ఈ క్లే చిప్స్‌ని కంపెనీ క్యాసినోలకే అమ్ముతుంది, ఇళ్ళకి అమ్మదు. అదే స్పర్శ, అదే చప్పుడు ఇంట్లో కావాలంటే మూతపడిన క్యాసినోల నుంచి వచ్చినవి కొనుక్కోవాల్సిందే. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో శనివారం రాత్రి స్నేహితుల్ని పిలిచి టేబుల్ పెట్టే మనవాళ్ళలో కొందరు సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సెట్ వదిలి వీటికి మారేది అందుకే. ఒకసారి మారాక వెనక్కి వెళ్ళడం కష్టం.

పాల్‌సన్ చిప్ ముఖాన్ని భూతద్దంలో చూడండి. నున్నగా ఉండదు. సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా అల్లుకుని ఉంటాయి. కొత్త చిప్‌లో ఆ గీతల మధ్య గళ్ళు విడివిడిగా, పదునుగా కనిపిస్తాయి. వాడిన చిప్‌లో గాడుల నిండా నల్లటి జిడ్డు కూరుకుపోయి ఉంటుంది, గళ్ళ తలలు మాత్రం చేతుల రాపిడికి మెరుస్తుంటాయి. గుడ్డతో ఎంత తుడిచినా మురికి పోకపోవడానికి కారణం ఇదే. గుడ్డ గళ్ళ తలల మీదే తిరుగుతుంది. గాడుల్లోకి దిగాలంటే బ్రష్ వెంట్రుకలు కావాలి.

తర్వాత చిప్ మధ్యలో ఏముందో చూడాలి. క్యాసినో పేరు, విలువ ముద్రించిన గుండ్రటి బిళ్ళ చిప్‌లోనే ఒదిగి ఉంటే అది ఇన్‌లే. పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి కాస్త తడిని ఓర్చుకుంటుంది, కానీ దాని చుట్టు అంచు బలహీనం. ఇన్‌లే లేకుండా బంగారు లేదా వెండి రంగు రేకుని వేడితో నేరుగా అచ్చు వేసి ఉంటే అది హాట్ స్టాంప్. అది సన్నటి పొర, రుద్దితే ఊడివస్తుంది.

క్లే కానివీ ఉన్నాయి. బడ్ జోన్స్ కంపెనీ చిప్స్ అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్, వాటికి లోపల లోహపు బిళ్ళ ఉంటుంది. సిరామిక్ అని పిలిచే చిప్స్‌లో పింగాణీ ఏమీ లేదు, అదీ ఒక రకం ప్లాస్టిక్కే. ముఖం నుంచి అంచు దాకా బొమ్మంతా దాని మీదే ముద్రిస్తారు. ఈ రెండు రకాలకీ పెద్ద చర్చ అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని బ్రష్, పొడి తువ్వాలు చాలు. నూనె వద్దు, ఎందుకంటే పీల్చుకునే గుణం వాటికి లేదు, పైన జారుడుగా నిలబడిపోతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా క్లే చిప్స్ గురించే.

మురికివా, అరిగినవా: కొనేటప్పుడే తేల్చుకోండి

శుభ్రం చేయడం గురించి మాట్లాడే చాలామంది ఈ విషయం దాటేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఎంపిక ఇదే. కడగడం వల్ల రంగు వస్తుంది, అంచు పదును రాదు. చిప్ అంచులు గుండ్రంగా అరిగిపోతే వాటిని తిరిగి తెచ్చే పద్ధతి లేదు. అంచున చిన్న చిన్న ముక్కలు ఎగిరిపోయిన మచ్చల్ని ఫ్లీ బైట్స్ అంటారు, అవీ పోవు.

కాబట్టి ఒకే ధరలో నల్లగా జిడ్డు పట్టిన పదునైన అంచుల చిప్స్, తళతళలాడే అరిగిన చిప్స్ రెండూ కనిపిస్తే కళ్ళు మూసుకుని మురికివే తీసుకోండి. ఫోటోలో ముఖం చూసి మోసపోవద్దు. ఇరవై చిప్స్‌ని ఒకదాని మీద ఒకటి పేర్చి పక్క నుంచి తీసిన ఫోటో అడగండి. ఇరవై చిప్స్ దొంతరని బ్యారెల్ అంటారు, అలాంటివి అయిదు కలిస్తే ఒక ర్యాక్. పదునైన చిప్స్ దొంతర పక్క నుంచి చూస్తే దాదాపు ఒకే గోడలా ఉంటుంది, చిప్‌కీ చిప్‌కీ మధ్య సన్నని గీత మాత్రమే కనిపిస్తుంది. అరిగినవైతే ప్రతి రెండిటి మధ్యా లోతైన గాడి కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు ఆ ఫోటో ఇవ్వడానికి వెనకాడితే ఆ బేరం వదిలేయడమే మంచిది.

ఒకే క్యాసినో నుంచి వచ్చిన ఒకే సెట్‌లో కూడా చిప్స్ పరిస్థితి ఒకేలా ఉండదు. న్యూజెర్సీ నిబంధనల్లో ఏ విలువకి ఏ రంగో రాసే ఉంది: డాలర్‌కి తెలుపు, రెండున్నర డాలర్లకి గులాబీ, అయిదుకి ఎరుపు, పాతికకి ఆకుపచ్చ, వందకి నలుపు, అయిదొందలకి ఊదా. మిగతా చోట్ల కూడా అయిదు ఎరుపు, పాతిక ఆకుపచ్చ, వంద నలుపు అనే వరస ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లవీ ఎర్రవీ రోజంతా టేబుల్ మీదే తిరుగుతాయి కాబట్టి అవి బాగా నలుగుతాయి. పెద్ద విలువవి డీలర్ ముందుండే ట్రేలో ఎక్కువ కాలం గడుపుతాయి. తెల్లవాటికి బ్రష్ తప్పదు, అదే పెట్టెలోని నల్ల చిప్స్‌కి తడిగుడ్డ సరిపోవచ్చు. మొత్తం సెట్‌కి ఒకే వైద్యం చేయకండి.

సబ్బునీళ్ళు

నూటికి ఎనభై మంది ఇక్కడే ఆగిపోవచ్చు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని డాన్, విమ్ లాంటి గిన్నెల లిక్విడ్ కొన్ని చుక్కలు వేయండి. మెత్తని టూత్‌బ్రష్‌ని ముంచి, చిప్‌ని చేతిలో పట్టుకుని ముందు అంచు తోమండి. మురికి ఎక్కువగా ఉండేది అక్కడే. అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుకుంటూ ఒక చుట్టు, తర్వాత ముఖం మీద అచ్చు ఉన్న చోట చిన్న చిన్న గుండ్రాలుగా ఒక చుట్టు, వెనక్కి తిప్పి మళ్ళీ అదే. ఇన్‌లే మీద బ్రష్‌ని నొక్కకూడదు. వెంటనే మంచినీళ్ళలో ముంచి తీసి, తువ్వాలుతో అద్ది, గాలి తగిలేలా విడివిడిగా పరచాలి.

కీలకం ఒక్కటే: నానబెట్టకూడదు. బట్టలు నానేస్తే మురికి వదులుతుందన్న అలవాటుతో చిప్స్‌ని బకెట్‌లో వదిలేస్తే నీళ్ళు ఇన్‌లే అంచు కిందికి దూరతాయి. ఆరాక అది పొక్కుతుంది, లేదా చుట్టూ మసక పొర కనిపిస్తుంది. ఒక్కో చిప్ నీళ్ళలో ఉండే సమయం తోముతున్నంత సేపే. తడి పూర్తిగా ఆరకముందే పేర్చి పెట్టెలో పెట్టినా ఇదే గొడవ.

ఆరబెట్టడానికి ఎండ, హెయిర్ డ్రయ్యర్, ఓవెన్ వాడొద్దు. వేడికి క్లే చిప్ మెత్తబడి వంకర తిరుగుతుంది. అలాంటి చిప్‌ని బల్ల మీద పెట్టి తిప్పితే గిర్రున తిరుగుతుంది. ఆటగాళ్ళు దాన్ని స్పిన్నర్ అంటారు, దొంతరలో సరిగా కూర్చోదు. ఫ్యాన్ గాలి చాలు.

ఈ పద్ధతికి ఉన్న లోపం టైమ్. ఒక ర్యాక్ తోమేసరికి ఓ సాయంత్రం గడిచిపోతుంది. వెయ్యి చిప్స్ సెట్ అయితే మణికట్టు నొప్పి పుడుతుంది. అయినా ఒక్కో చిప్ చేతిలో నుంచి వెళ్తుంది కాబట్టి ఏది పగిలింది, ఏది వంకరగా ఉంది, ఏ ఇన్‌లే లేస్తోంది అన్నీ తెలిసిపోతాయి. సెట్‌ని అంత దగ్గరగా చూసే అవకాశం మళ్ళీ రాదు. అందుకే ఓపిక ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే.

మొదలుపెట్టే ముందు ప్రతి రంగులోనూ ఒక్కటి కడిగి, తెల్ల టిష్యూ మీద అద్ది చూడండి. ముదురు రంగుల్లో కొన్ని రంగు వదులుతాయి. టిష్యూకి రంగు అంటితే ఆ రంగువన్నీ విడిగా, గబగబా కడగాలి. తెల్లవాటితో కలిపి ఒకే నీళ్ళలో మాత్రం ముంచొద్దు.

ఆక్సిజన్ పొడులు

సబ్బుకి లొంగని పాత పొగ మరకలకి ఆక్సీక్లీన్ లాంటి పొడి బాగా పనిచేస్తుంది. అందులో ముఖ్యమైనది సోడియం పర్‌కార్బొనేట్. నీళ్ళలో కలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్, వాషింగ్ సోడా విడుదలవుతాయి. ఒకటి మరకని విరగ్గొడుతుంది, ఇంకోటి జిడ్డుని లాగేస్తుంది. తెల్లవి, లేత రంగువి చూస్తుండగానే తేరుకుంటాయి. కానీ మరకని విరిచేదే రంగునీ విరుస్తుంది. నలుపు, ఊదా, ముదురు నీలం, ముదురు ఎరుపు చిప్స్ కాస్త ఎక్కువసేపు ఉంటే పాలిపోతాయి. పలచగా కలిపి, బ్రష్‌తో మాత్రమే రాసి, వెంటనే కడిగేసే ఓపిక ఉంటే తెల్లవాటికి వాడండి. ముదురు రంగులకి నేను వాడను. చేతులకి గ్లవుజులు తప్పనిసరి.

అల్ట్రాసోనిక్ మెషీన్

నగల షాపుల్లో గొలుసులు కడగడానికి పెట్టుకునే తొట్టి ఇదే. మామూలుగా సెకనుకి 40 వేల సార్లు కంపిస్తుంది. నీళ్ళలో కంటికి కనబడనంత చిన్న బుడగలు పుట్టి పగులుతూ గాడుల్లోని జిడ్డుని లాగేస్తాయి. బ్రష్ వెంట్రుక చేరలేని చోటికి కూడా ఇది చేరుతుంది. పోకర్ రూమ్ నుంచి వచ్చిన పెద్ద సెట్, అందులో అంతా ప్లాస్టిక్ పొర ఉన్న ఇన్‌లేలే, మురికి బాగా పట్టి ఉంది అంటే దీనికి పోటీ లేదు.

అయితే మెషీన్ ఉంది కదా అని అన్నీ అందులో వేయడం నాకు నచ్చదు. బుడగలకి మురికి ఏదో చిప్ ఏదో తెలియదు. ఎక్కువసేపు ఉంచితే పై పొర కూడా కరిగి నీళ్ళలో రంగు దిగడం కనిపిస్తుంది. వదులైన ఇన్‌లే ఉంటే అక్కడే లేచిపోతుంది. హాట్ స్టాంప్ అయితే రేకు ఊడే ప్రమాదం ఉంది. ఒకవేళ వాడితే ఇలా వాడండి: హీటర్ ఆపేసి లేదా గోరువెచ్చగా మాత్రమే ఉంచి, రెండు మూడు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, ఒక్కో విడతకి రెండు మూడు నిమిషాలు మించకుండా. చిప్స్ ఒకదానికొకటి అతుక్కోకుండా బుట్టలో నిలబెట్టాలి, ఎందుకంటే అతుక్కున్న ముఖాల మధ్యకి బుడగలు పోవు. నీళ్ళు మసకబారగానే మార్చాలి.

ఈ తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన క్లే చిప్స్ చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది. సుద్ద పూసినట్టు తెల్లగా, నిర్జీవంగా ఉంటాయి. మురికితో పాటు చిప్ పైన ఉన్న నూనె కూడా పోయిందన్నమాట. ఈ దశలో మళ్ళీ కడగక్కర్లేదు, నూనె రాస్తే సరిపోతుంది. అందుకే అల్ట్రాసోనిక్ ఎంచుకుంటే నూనె పని కూడా ఒప్పుకున్నట్టే అనుకోండి.

వద్దనే వద్దు

మ్యాజిక్ ఎరేజర్ అనే తెల్ల స్పాంజి మెలమైన్ నురగ. అది చాలా సన్నని గరుకు కాగితంలా రుద్ది పని చేస్తుంది. మురికి పోతుంది, దాంతో పాటు గళ్ళ పదును, ఇన్‌లే మెరుపు కూడా పోతాయి. అంచు మీద ఒక మొండి మరక కోసం ఒకసారి అంటే సరే, సెట్ మొత్తానికి వాడటం చిప్స్‌ని మీ చేతులతో మీరే అరగదీయడం. టూత్‌పేస్ట్‌దీ ఇదే కథ.

ఎసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్ పొరని కరిగిస్తాయి. స్టిక్కర్ జిగురు ఉంటే గూ గాన్ లాంటి జిగురు వదిలించే ద్రవం దూదితో కొద్దిగా, ఆ చోట మాత్రమే రాసి, వెంటనే సబ్బుతో కడగాలి. స్పిరిట్ హాట్ స్టాంప్ దరిదాపులకి రానివ్వకూడదు. డిష్‌వాషర్‌లో వేడి, ఘాటైన రసాయనం, గంటసేపు తడి మూడూ ఉంటాయి కాబట్టి అందులో పెట్టే మాటే లేదు.

మన ఇళ్ళలో ఇత్తడికి చింతపండు, మరకలకి నిమ్మకాయ పెట్టే అలవాటు ఉంది. ఇక్కడ ఆ తెలివి పనికిరాదు. పులుపు సుద్దని తినేస్తుంది. వెనిగర్ కూడా అంతే.

నూనె రాయాలా

ఆడుకునే క్లే చిప్స్‌కి రాయాలి. దాచుకునే వాటికి అక్కర్లేదు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం నూనె చేసే పని. అది రంగు వేయదు. ఎండిన చిప్ మీద లెక్కలేనన్ని సూక్ష్మ గుంటలు ఉంటాయి, వెలుగు వాటి మీద పడి అటూ ఇటూ చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. నూనె ఆ గుంటల్ని నింపితే చెదరడం తగ్గి, లోపలి అసలు రంగు బయటికి వస్తుంది. వానకి తడిసిన నాపరాయి ముదురుగా కనిపించేది కూడా ఇందుకే.

ఏ నూనె అన్నదాంట్లో చర్చకి తావు లేదు, మినరల్ ఆయిల్ మాత్రమే. అమెరికాలో ఫార్మసీల్లో ఆ పేరుతోనే దొరుకుతుంది. మన దగ్గర మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అని అడిగితే ఇస్తారు. బేబీ ఆయిల్‌లో చాలావరకు ఇదే ఉంటుంది, కాకపోతే పైన సువాసన కలుపుతారు, అది చిప్స్‌కి అనవసరం. కొబ్బరి నూనె, నువ్వుల నూనె లాంటివి కొన్నాళ్ళకి మక్కు వాసన వేస్తాయి, జిగురుగా మారతాయి. మినరల్ ఆయిల్‌కి ఆ గుణం లేదు.

రాయడం తేలికే, అతిగా రాయకపోవడమే కష్టం. పాత బనియన్ గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి, గుడ్డంతా నూనె పాకేలా నలిపి, దాంతో చిప్ అంచునీ ముఖాన్నీ ఒక్కసారి తుడవండి. చిప్ మీద నేరుగా చుక్క వేయొద్దు. గుడ్డ వెళ్ళిన దారిలో రంగు మేల్కోవడం కళ్ళారా చూడొచ్చు. ఎండి తెల్లబారిన ఆకుపచ్చ పాతిక డాలర్ల చిప్ మీద సగం రాసి సగం వదిలి పక్కపక్కన చూస్తే రెండు వేర్వేరు చిప్స్ అనుకుంటారు. రాసినవాటిని కాగితపు తువ్వాళ్ళ మీద పరిచి ఒక రోజు వదిలేయాలి. తర్వాత పొడి గుడ్డతో గట్టిగా తుడవాలి. చేతికి నూనె తగిలితే ఇంకా తుడవాలని అర్థం. నూనె మిగిలిపోతే దొంతరలు జారిపోతాయి, దుమ్ము అంటుకుంటుంది, టేబుల్ మీది ఫెల్ట్ గుడ్డకి మరకలు పడతాయి.

మురికి ఉండగా నూనె రాయొద్దు, మురికిని లోపలికి అదిమినట్టవుతుంది. ఆడుతూ ఉంటే చేతుల నూనె కూడా కొద్దికొద్దిగా పడుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ రాయాల్సిన పని ఉండదు.

అలాగే ఉంచాల్సినవి

2006లో స్టార్‌డస్ట్, 2015లో రివియెరా, 2024లో ట్రాపికానా, మిరాజ్. లాస్ వేగస్‌లో ఇలా పెద్ద పేర్లు మూతపడ్డప్పుడల్లా చిప్స్ మార్చుకోవడానికి గడువు ఇస్తారు, ఆ తర్వాత మిగిలినవాటిని నాశనం చేయడమే పద్ధతి. జనం దగ్గర మిగిలిపోయినవే కలెక్టర్ల చేతికి వస్తాయి. ఇంకా నడుస్తున్న క్యాసినో చిప్స్ జోలికి పోకండి. నెవాడా నిబంధనల ప్రకారం అవి మీ జేబులో ఉన్నా క్యాసినో ఆస్తే.

అరుదైన చిప్ విలువ దాని అసలు ముఖంలో ఉంటుంది. కొనే కలెక్టర్ భూతద్దంతోనే చూస్తాడు. నూనె మెరుపు, బ్రష్ గీతలు, పాలిపోయిన పట్టీ అతనికి వెంటనే పట్టుబడతాయి. అలాంటిదాన్ని పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, కవర్‌లో పెట్టేయండి. పాత చిప్స్‌లో కొన్నిటికి ఇన్‌లే పైన రక్షణ పొర లేకుండా ఉత్త కాగితమే ఉంటుంది. దానికి తడి తగిలితే ఉబ్బుతుంది, నూనె తగిలితే పకోడీల పొట్లంలా మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. చెలామణీ రద్దుకి గుర్తుగా మధ్యలో రంధ్రం చేసిన చిప్స్ కూడా అంతే, రంధ్రం దగ్గర ఇన్‌లే తెగి ఉంటుంది కాబట్టి నీళ్ళు తిన్నగా లోపలికి పోతాయి.

ఇంకో హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాల్‌సన్ పాత చిప్స్‌లో చాలావాటి మిశ్రమంలో సీసం ఉంది. వాటి బరువు కూడా కాస్త ఎక్కువగానే ఉంటుంది. చేత్తో పట్టుకుని ఆడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, కానీ ఆడాక చేతులు కడుక్కోవాలి, పసిపిల్లల నోటికి అందకుండా ఉంచాలి. కడిగేది వంటింటి సింక్‌లో కాకుండా వేరే టబ్‌లో పెట్టుకోండి. పొడిగా గరుకు కాగితంతో రుద్దడం, మెషీన్‌తో చెక్కడం లాంటివి అసలు చేయకండి, ఆ దుమ్ము పీలిస్తే ప్రమాదం.

కొత్త లేబుల్ వేయడం

ఇన్‌లే పాడైన సెట్ చవగ్గా దొరికితే పాత ఇన్‌లే తీసేసి, తమ పేరుతో ముద్రించిన కొత్త లేబుల్ అతికించేవాళ్ళు ఉన్నారు. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ళు దాన్ని చిప్స్‌ని మర్డర్ చేయడం అంటారు. అక్కడే తెలుస్తుంది అందరికీ ఎంత బాధో. ఎక్కడైనా వేలల్లో దొరికే మామూలు చిప్స్ అయితే నాకు అభ్యంతరం లేదు, ఎవరి టేబుల్ వాళ్ళిష్టం. చరిత్ర ఉన్న క్యాసినో పేరు చెరిపేసి పుట్టినరోజు ఫోటో అతికించడం మాత్రం మనసొప్పదు. చేసే ముందు ఆ క్యాసినో చిప్ ఎంత అరుదో కనుక్కోండి.

ఎవరికి ఏది

ఇంట్లో ఆడటానికి మూడు నాలుగొందల క్లే చిప్స్ కొన్నారు, మురికి ఓ మోస్తరు: సబ్బునీళ్ళు, బ్రష్, ఆ తర్వాత పలచగా మినరల్ ఆయిల్. మెషీన్ కొనే పని లేదు.

వెయ్యికి పైగా ఉన్నాయి, గాడులు నల్లగా నిండిపోయాయి, ఇన్‌లేలు గట్టిగా ఉన్నాయి: అల్ట్రాసోనిక్‌లో కొద్దిసేపు, తర్వాత తప్పకుండా నూనె. మొత్తం సెట్‌ని దింపే ముందు తక్కువ విలువ చిప్స్ ఓ నాలుగు వేసి, మరుసటి రోజు దాకా ఆగి, ఇన్‌లే అంచులు చూసుకోండి. పొక్కు వెంటనే కనిపించదు, ఆరాకే కనిపిస్తుంది.

బంగారు అచ్చు ఉన్న హాట్ స్టాంప్ చిప్స్: అంచు మాత్రం బ్రష్‌తో, ముఖం మీద తడిగుడ్డ అద్దడం వరకే. రేకు మీద రుద్దొద్దు. ఇవి పూర్తిగా తెల్లబడకపోయినా ఫర్వాలేదు. పేరు చెరిగిన శుభ్రమైన చిప్ కన్నా పేరు చదవగలిగే మసక చిప్ మేలు.

ఏదో ఒక పాత క్యాసినోది ఒక్క చిప్ దొరికింది, దాని సంగతేంటో తెలియదు: ఏమీ చేయకండి. ముందు అది ఏ అచ్చు, ఏ కాలంది, ఎంత అరుదు అన్నది తెలుసుకోండి. 1988 నుంచి ఉన్న క్యాసినో చిప్ కలెక్టర్ల క్లబ్ లాంటి చోట్ల ఫోటో చూసి చెప్పేవాళ్ళు ఉంటారు. కడగాలో వద్దో ఆ జవాబు వచ్చాక నిర్ణయించుకోవచ్చు. ఈలోగా దాన్ని గట్టి మూతున్న పెట్టెలో, ఎండ తగలని చోట, మిగతా చిప్స్‌తో రాపిడి లేకుండా విడిగా ఉంచండి.